బుజ్జీ, ‘వద్దు’ అన్న మాట తెగిపోకుండా చూసుకో

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వైట్‌ఫీల్డ్ ఉద్యోగం మానేసి, చదివింది తొందరగా అర్థం కానివాళ్ళ కోసం ఫోన్లో సులువుగా చదువుకునేలా తెలుగు, కన్నడ, తమిళంలో రాసిపెట్టే పని మొదలుపెడుతున్నావంట. తనకి నీ జీతం దిగులు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు, ఒక పక్క గర్వం, ఒక పక్క భయం. 26 ఏళ్ళు ఇదే బెంగళూరులో ఇలాంటి పిల్లలకీ పెద్దవాళ్ళకీ పాఠాలు చెప్పినదాన్ని కదా, ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలుసు, అందుకే పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా టైప్ చేస్తున్నా.

చిన్నవి ముందు చెప్పేస్తా. లైన్‌కి ఒక వాక్యం. అక్షరాలు పెద్దగా. మనకి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలు ఫోన్లో పెట్టి ఏదీ తెగకుండా కనిపిస్తోందా చూసుకో. పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో సరిగ్గా పెట్టు, పైకి చదివి వినిపించే యాప్ దాన్ని బట్టే గొంతు ఎంచుకుంటుంది. లాగిన్‌లో పజిల్స్ పెట్టకు, వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవాళ్ళు కూడా వాడుకునేలా ఎలా చెయ్యాలో చెప్పే నియమాలు, 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో కూడా ఆ మాట ఉంది, అవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా, మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2012 సెప్టెంబర్. మా సెంటర్‌కి ఒక అబ్బాయి వచ్చేవాడు, 22 ఏళ్ళు, మారతహళ్ళి నుంచి ఒక్కడే బస్సెక్కి. అలా ఒక్కడే రావడం నేర్పడానికి 11 నెలలు పట్టింది నాకు. చిన్న చిన్న మాటలు చదవగలడు కదా అని వాళ్ళమ్మకి కాకుండా అతనికే మెసేజ్ పెట్టడం మొదలుపెట్టా, అది వాడికి ఎంత గొప్పో, వచ్చిన ప్రతి మెసేజ్ అందరికీ చూపించేవాడు. ఒక బుధవారం సాయంత్రం ఇలా పెట్టా: "రేపు గురువారం వర్షం ఎక్కువ ఉంటుంది కాబట్టి తొమ్మిదింటికి సెంటర్‌కి రావద్దు". తెలుగులో ఒక ఎస్ఎంఎస్‌కి 70 గుర్తులే పడతాయి, గుణింతం, వత్తు అన్నీ విడివిడిగా లెక్క, దాటితే 67 చొప్పున ముక్కలైపోతుంది. అది నాకప్పుడు తెలీదు. వాడి చిన్న ఫోన్లో మొదటి ముక్క ‘సెంటర్‌కి’ దగ్గర ఆగిపోయింది. ‘రావద్దు’ అన్నది వేరే మెసేజ్‌గా ఎప్పుడో వచ్చింది.

తొమ్మిదింటికల్లా వచ్చేశాడు. గేటుకి తాళం. ఎదురుగా మూసేసిన బేకరీ రేకు కింద మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా నిలబడ్డాడమ్మా, ఆ వానలో. వాళ్ళమ్మ ఫోన్ చేస్తే నేనేమన్నానో తెలుసా, "రావద్దని రాశాను కదమ్మా, మీవాడు సరిగ్గా చదువుకోలేదేమో" అన్నా. ఆటోలో పరిగెత్తా. వాడు ప్లాస్టిక్ కవర్లోంచి ఫోన్ తీసి, తుడిచి, నాకు చూపించి, "మిస్, తొమ్మిదికే వచ్చా" అన్నాడు. నేను మెచ్చుకుంటానని చూస్తున్నాడు. వాడు చదివింది కరెక్టే. రాసిన నేనే తప్పు.

నాలుగు రోజులు జ్వరం. ఆ తర్వాత రెండు నెలలు వాళ్ళమ్మ ఒక్కడినే పంపలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే మన భాషల్లో కాదనే మాట చివర్న వస్తుంది. మనకి ‘వద్దు’, కన్నడలో ‘బేడ’, తమిళంలో ‘వేండాం’, మూడూ చివర్నే. చివరిదాకా చదవలేనివాడికి మొత్తం తలకిందులవుతుంది. అందుకే "రేపు సెంటర్ లేదు. రేపు రావద్దు." అక్కడితో ఆపాలి, వర్షం సంగతి ఆ తర్వాత. నువ్వేమో ఇంగ్లీషులో ఈజీగా రాసి మెషిన్‌తో మూడు భాషల్లోకి మార్చేస్తానన్నావంట. అలా చెయ్యకే తల్లీ! ఇంగ్లీషులో ‘డోంట్’ ముందే వచ్చేస్తుంది, దాన్ని చూసి అంతా బావుందనుకుంటావు. ఎంత సులువో కొలిచే ఇంగ్లీషు లెక్కలు కూడా మనకి పనికిరావు, ‘వెళ్ళలేకపోయినందుకు’ అన్నది చూడు, చూడ్డానికి ఒక్క మాట, లోపల నాలుగు ఉన్నాయి. ఏ భాషకి ఆ భాషలోనే మొదట్నించీ రాయి. ‘ధృవీకరణ పత్రమును సమర్పించవలెను’ కాదు, ‘మీ యూడీఐడీ కార్డు తీసుకురండి’ (వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు అది). ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకి ‘విద్యుత్’ అంటే తెలీదు, కరెంటే తెలుసు.

తీసుకురండి అన్నా చూశావా, తీసుకురా అనకు. 30 ఏళ్ళవాళ్ళకి కుందేలు బొమ్మలు పెట్టి ‘నువ్వు’ అని రాస్తే ఎంత చిన్నబుచ్చుకుంటారో నేను చూశాను.

ఇంకోటి, అందరూ ఒకటి కాదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో వైకల్యాలు 7 నుంచి 21 అయ్యాయి, మేధో వైకల్యం, ఆటిజం, డిస్లెక్సియా లాంటివి అన్నీ అందులో ఉన్నాయి. డిస్లెక్సియా ఉన్న పిల్లకి విషయం తెలుసు, అక్షరమే అడ్డం పడుతుంది. మీ పెదనాన్న రోజూ పేపర్ మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా చదివే మనిషి, పక్షవాతం వచ్చాక హెడ్డింగ్ దగ్గరే ఆగిపోయి పేపర్ మడిచి నా చేతికిచ్చేవారు. ఆయన కోసం కరెంటు బిల్లు రెండు లైన్లుగా నేను చేత్తో రాసిచ్చేదాన్ని. నువ్వీ పని చేస్తున్నావంటే ఆయన ఎంత మురిసిపోయేవారో.

ఏది రాసినా చదవాల్సినవాళ్ళ చేత ముందు చదివించు, పక్కన కూర్చో, మధ్యలో అందించకు. అది వాళ్ళు నీకు చేసే పని, డబ్బులివ్వాలి.

ఆ అబ్బాయికి ఇప్పుడు 35 దాటాయి, ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో బైండింగ్ పని. ఆదివారం నీ మొదటి పేజీ పట్టుకుని ఇంటికి రా, అతన్ని కూడా పిలుస్తా. గంటకి ఎంతిస్తావో ముందే చెప్పు, అతనికి మెసేజ్ నేనే పెడతా.

మీ పెద్దమ్మ