ఊ కొట్టేదెవరు?

బిడ్డా, ఆశీస్సులు.

నీ మూడు కథలూ చదివాను. రెండోది రెండుసార్లు చదివాను. అందులో ముసలమ్మ చేను గట్టు మీద కూర్చుని మనవరాలితో, "జీవితమంతా ఇతరుల కోసమే బతికాను, నాకంటూ ఒక ఉనికి లేకుండా పోయింది" అంటుంది. అక్కడ ఆగిపోయాను. జనగామ పక్క పల్లెలో ఎనభై ఏళ్ల మనిషి ఆ మాట అనదు. యాస మార్చినా అనదు. తానెవరో అంత సూటిగా ఎవరూ చెప్పుకోరు. బర్రె ఈనిన సంగతో, బస్సు తప్పిపోయిన సంగతో చెబుతారు. ఆ చెప్పడంలోనే తామెవరో తయారవుతూ ఉంటారు.

మా అమ్మ బీడీలు చేసేది. ఒకరోజు కార్ఖానాలో ఆమె చేసినవాటిలో సగం బాగాలేవని పక్కకు తీసేశారు. తీసేసినవాటికి కూలి లేదు. ఆ సాయంత్రం అరుగు మీద తోటి ఆడవాళ్ల నడుమ కూర్చుని ఆ సంగతి చెప్పింది. "చాట వాని ముంగట వెట్టి, 'ఇగో, నువ్వే చుట్టు, ఎట్ల చుడుతవో నేను గూడ జూస్త' అన్న" అంది. అందరూ పకపకా నవ్వారు. రాత్రి మా నాయిన అన్నం తింటుంటే, "ఇయ్యాల శానా తీసేసిండు" అంది, అంతే. వారం తర్వాత నేను బడి ఎగ్గొడితే నన్ను పట్టుకుని, "ఆడ పట్టీల ఎన్ని రాసిండో నాకు తెల్వలే. అచ్చరం ఎరికుంటే అడుగకపోదునా" అంది.

ఈ మూడింట్లో ఏది నిజమని చాలా ఏళ్లు వెతుక్కున్నాను. చాట నిజంగా వాడి ముందు పెట్టిందా, లేక పెట్టాలనుకుందా? ఇప్పుడు ఆ ప్రశ్న నన్ను వదిలిపోయింది. అరుగు మీద కూర్చున్న ప్రతి ఆడమనిషి బీడీలూ ఏదో ఒకరోజు తీసేసినవే. వాళ్లందరి తరఫునా అమ్మ ఆ చాట పెట్టింది. నాయిన ముందు ఆమె ఇంటికి పైసలు తక్కువ తెచ్చిన మనిషి. నా ముందు చదువు రాని తల్లి. ముగ్గురూ ఆమే. వినేవాళ్లు మారేసరికి చెప్పే మనిషి మారింది.

నేను నీకు చెప్పదలచింది ఇదొక్కటే. నీ పాత్ర ఎవరో తేల్చుకునే ముందు, ఆమె ఎవరితో మాట్లాడుతోందో చూడు. చిన్నప్పుడు మా అవ్వ కథ మొదలుపెట్టేముందు "ఊ కొట్టాలె మరి" అనేది. ఊ ఆగితే కథా ఆగేది. కాగితం ముందు కూర్చోగానే ఆ ఊ కొట్టే మనిషిని మరిచిపోతాం. అమెరికా భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ మామూలు జనం నోటి కథలను రికార్డు చేసి చూశాడు. జరిగింది వరసగా చెప్పేస్తే సరిపోదనీ, వినేవాళ్లు "అయితే ఏంది?" అనకముందే ఇదెందుకు చెబుతున్నారో చెప్పేవాళ్లు దారిలోనే తెలియజేస్తారనీ ఆయన చూపించాడు. మా అమ్మ కథలో ఆ పని చేసింది చాట.

మన భాష నీకు ఇంకో వరం ఇచ్చింది. 'మేము' వేరు, 'మనం' వేరు. వినేవాళ్లను లోపలికి రానిస్తున్నామా, గడప బయట నిలబెడుతున్నామా అన్నది ఒక్క మాటలో తేలిపోతుంది. చేర్యాల బస్సులో పక్క సీటాయన "ఏ ఊరు మనది?" అంటాడు. ఆయనది నీ ఊరు కాదు, అయినా 'మనది' అన్నాడు. అందులో ఆప్యాయత ఉంది, నిజంగానే ఉంది. తవ్వి చూడటం కూడా ఉంది. ఊరి తర్వాత ఇంటిపేరు, ఇంటిపేరు తర్వాత "మనోళ్లేనా?". హైదరాబాదులో అద్దె ఇల్లు వెతికే అమ్మాయికి అదే ప్రశ్న "నాన్‌వెజ్ తింటారా?" అని వస్తుంది. జవాబు చెప్పేముందు ఆమె ఒక్క క్షణం ఆగుతుంది చూడు, ఆ క్షణంలో తనెవరో తేల్చుకోవలసి వస్తుంది. నీ మొదటి కథలో ఆ ఘట్టం ఉంది. ఓనరు ఇల్లివ్వనన్నాడని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు బాధేసింది.

'మా' అన్న మాటనూ గమనించు. మా అక్క పెళ్లయిన కొత్తలో "మా ఇంట్ల" అంటే మా ఇల్లే. నాలుగేళ్ల తర్వాత ఒక పండుగకు వచ్చి, పచ్చిపులుసు నోట్లో పెట్టుకుని, "మా ఇంట్ల గింత పులుపు తినరే అమ్మా" అంది. అమ్మ రొట్టె కాల్చేది ఆపి అక్క ముఖంలోకి చూసింది. అక్కకు తానేమన్నదో తెలియలేదు. నేనింకా ఆ చూపు రాయలేకపోయాను.

అరుగు మీద జరిగేదే వాడలో పెద్దగా జరుగుతుంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు పటం చూపిస్తూ మార్కండేయుని కథ చెబుతారు. ఆ పటాలు గీసేది చేర్యాల నకాషీలు. మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. అందులో వాళ్ల మూలపురుషుడు ఆది జాంబవుడు భూమి పుట్టడానికి ఆర్నెల్ల ముందే పుట్టాడు. ఊరి బయట ఉంచిన మనుషులు, ఊరే కాదు, నేల కూడా లేనప్పుడే మేమున్నాం అని ఏటేటా చెప్పించుకుని విన్న కథ అది. దాన్ని ఒక్కసారైనా వాడలో, ఆ జనం మధ్య కూర్చుని విను. పుస్తకంలో చదివితే కథకుడు చెప్పింది దొరుకుతుంది, జనం కొట్టిన ఊ దొరకదు.

ఇక నీ ముసలమ్మ. ఆమెను చేను గట్టు మీంచి లేపి, ముసలోళ్ల పింఛను కోసం పోస్టాఫీసుకు తీసుకుపో. యంత్రం మీద వేలిముద్ర పడటం లేదు. అక్కడి పిల్లగాడు "మళ్లీ పెట్టు, గట్టిగ ఒత్తు" అంటున్నాడు. "ఎన్ని నాట్లేసిన చేతులు బిడ్డా, అరిగినయ్" అంటుంది ఆమె. ఈ మాట నేను నిజంగా విన్నాను, నీకిస్తున్నాను. కానీ ఆమె వెనక వరసలో ఎవరెవరు నిలబడ్డారో, ఆ మాట విని ఎవరు నవ్వారో, ఎవరు తమ చేతులు చూసుకున్నారో నువ్వే కనిపెట్టాలి. ఆ పేజీ రాసి పంపు. మీ అమ్మను అడిగానని చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ