పేపరు అచ్చయింది, మందు ఎప్పుడొస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఒక విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్ల ల్యాబులో తయారుచేసిన ఒక పదార్థం ఎలుకల్లో క్యాన్సర్ గడ్డను తగ్గించిందని పేపరు అచ్చయింది, స్థానిక పత్రికల్లో వార్త కూడా వచ్చింది. రెండేళ్లు గడిచాయి. గైడు గారిని అడిగితే ముందుకు వెళ్లడానికి డబ్బు లేదంటున్నారట. అంత మంచి ఫలితం వస్తే మందుల కంపెనీలు ఎందుకు రావు? విదేశాల్లో విశ్వవిద్యాలయాలే ఇందుకు నిధులు ఇస్తాయంటారు, నిజమేనా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మీకు మందులా కనిపిస్తున్నది కంపెనీ కంటికి ఇంకా మందు కాదు, అందుకే రారు. వారి అనుమానానికి కారణం కూడా ఉంది. క్యాన్సర్ పరిశోధనలో మైలురాళ్లని పేరుపడిన 53 పేపర్లను అమెరికాకు చెందిన యామ్జెన్ కంపెనీ శాస్త్రవేత్తలు తమ ల్యాబులో మళ్లీ చేసి చూస్తే ఆరింటిలోనే అవే ఫలితాలు వచ్చాయని 2012లో ప్రకటించారు. మిగిలినవారంతా అబద్ధం రాశారని దీని అర్థం కాదు. ఒక ల్యాబులో, ఒక జాతి ఎలుకల్లో, ఒక చేతి నేర్పుతో వచ్చిన ఫలితం మరో చోట నిలబడకపోవడం ఈ రంగంలో మామూలే. కాబట్టి మొట్టమొదటి ఖర్చు కొత్తగా ఏదో కనిపెట్టడానికి కాదు, కనిపెట్టినదాన్నే ఇంకొకరి చేత మళ్లీ చేయించడానికి.

ఆ తర్వాతి పనులు ఇంకా చప్పగా ఉంటాయి. పదార్థం ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందో, ఏ మోతాదు దాటితే కాలేయం దెబ్బతింటుందో ఎలుకల వంటి జంతువుల్లోనూ, వేరే జాతి జంతువుల్లోనూ చూడాలి. మిల్లీగ్రాముల్లో చేసినదాన్ని గ్రాముల్లో, కిలోల్లో చేసినా ప్రతి బ్యాచీ ఒకేలా వచ్చే పద్ధతి కుదర్చాలి. నిల్వ పరీక్ష సంగతే చూడండి. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉండేలా అమర్చిన పెట్టెలో మందును ఆరు నెలలు ఉంచి, మధ్య మధ్యలో తీసి, ఎంత చెడిపోయిందో కొలిచి రాసుకోవాలి. ఈ పనితో ఎవరికీ పీహెచ్‌డీ రాదు, పేరున్న జర్నల్ ఏదీ దీన్ని అచ్చువేయదు. అయినా ఆ కాగితాలు లేకుండా మనిషి మీద ఒక్క డోసు ప్రయోగించడానికి కూడా అనుమతి దొరకదు.

పరిశోధనా గ్రాంటు ఇచ్చే కమిటీ ఈ ప్రతిపాదన చూసి ‘ఇందులో కొత్తదనం ఏముంది?’ అని అడుగుతుంది. పెట్టుబడిదారు ‘మనుషుల మీద ఫలితం వచ్చాక రండి’ అంటాడు. ఎవరి లెక్కలో వారు చెప్పినది సబబే గానీ, ఆ పదార్థం మాత్రం రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. కొన్నేళ్ల కిందట నేను చూసిన ఒక ల్యాబులో, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు అడుగు అరలో మంచు పేరుకుపోయిన ఒక డబ్బా ఉండేది. మూత మీద స్కెచ్ పెన్నుతో రాసిన అంకెలు సగం చెరిగిపోయాయి. అది చేసిన విద్యార్థి డిగ్రీ తీసుకుని వెళ్లిపోయాడు, పారేయడానికి ప్రొఫెసరు గారికి మనసొప్పలేదు, అందులో ఏముందో చెప్పగలవారు ఆ గదిలో ఎవరూ లేరు.

విదేశాల విషయంలో మీరు విన్నది నిజమే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ డారియా మాక్లీ-రోజెన్ 2006లో ‘స్పార్క్’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. అంతకు ముందే ఆవిడ తన ల్యాబులో తేలిన పదార్థాలను మందులుగా మలచడానికి కంపెనీ పెట్టి, విశ్వవిద్యాలయంలో ఎవరూ నేర్పని విషయాలు ఎన్ని ఉన్నాయో స్వయంగా తెలుసుకున్నారు. స్పార్క్ ఎంపిక చేసిన ప్రాజెక్టుకు ఏడాదికి సుమారు 50,000 డాలర్ల చొప్పున రెండేళ్లు ఇస్తుంది. మందుల తయారీ ఖర్చులతో పోలిస్తే అది చిల్లర డబ్బే. దాని అసలు బలం నగదులో కన్నా ఆ నగదుకు తగిలించిన షరతుల్లో ఉందని నా అభిప్రాయం. మందుల కంపెనీల్లో ఏళ్ల తరబడి పనిచేసిన నిపుణులు ఉచితంగా వచ్చి కూర్చుంటారు, పరిశోధకులు వారి ముందు తమ లెక్క అప్పజెప్పాలి. తొలిరోజునే అడిగే ప్రశ్న కూడా తలకిందులుగా ఉంటుంది. ఈ మందు ఎవరికి, మాత్రగానా ఇంజెక్షన్‌గానా, రోజుకెన్నిసార్లు, ఇప్పుడున్న మందుకన్నా ఏ విషయంలో మెరుగు అని ముందు రాసుకుని, అక్కడి నుంచి ఏ ప్రయోగం చేయాలో వెనక్కి లెక్కవేస్తారు. నిలబడనిదాన్ని తొందరగా ఆపేయడం కూడా అలాంటి నిధి చేసే మేలే, కానీ మన కమిటీలు ఆగిపోయిన ప్రాజెక్టును దండగ కింద జమకడతాయి.

మన దేశంలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2012లో నెలకొల్పిన బైరాక్ సంస్థ ఇటువంటి పనికే ఉంది. దాని ‘బిగ్’ పథకం కింద సొంతంగా దరఖాస్తు చేసుకునే పరిశోధకులకూ చిన్న అంకుర సంస్థలకూ 18 నెలల కాలానికి 50 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తారు. హైదరాబాద్ శివార్లలో తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఆ పథకం నడిపే భాగస్వాముల్లో ఒకటి కాబట్టి మీ అమ్మాయి ఢిల్లీ దాకా వెళ్లనవసరం లేదు. 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల పరిశోధనా నిధి గురించి కూడా మీరు చదివే ఉంటారు. అది ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలానికి ఇచ్చే సొమ్ము, విశ్వవిద్యాలయ ల్యాబు గుమ్మం దాకా నేరుగా వచ్చేది కాదు.

ఇలాంటి డబ్బు సమయానికి అందితే ఏమవుతుందో ఐఐటీ బొంబాయి అనుభవం చెబుతుంది. రోగి రక్తం నుంచే టీ-కణాలు (జబ్బులతో పోరాడే రోగనిరోధక కణాలు) తీసి, క్యాన్సర్ కణాలను గుర్తుపట్టేలా ల్యాబులో మార్చి, తిరిగి అదే రోగికి ఎక్కించే కార్-టీ చికిత్సను అక్కడి ప్రొఫెసర్ రాహుల్ పుర్వార్ బృందం టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యులతో కలిసి రూపొందించింది. మనుషులపై తొలి దశ పరీక్షలకు బైరాక్ ద్వారా 19.15 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి, 2021 జూన్‌లో తొలి రోగికి చికిత్స జరిగింది, 2023 అక్టోబరులో ‘నెక్స్‌కార్19’ పేరుతో అనుమతి వచ్చింది. అక్కడ ల్యాబు పక్కన ఒక క్యాన్సర్ ఆసుపత్రి తొలి నుంచీ నిలబడిందన్న విషయం మరవకూడదు. మన విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి ఆ తోడు లేదు.

మీ అమ్మాయి విషయానికొస్తే, పేపరు అచ్చు కాకముందే పేటెంటుకు దరఖాస్తు పెట్టారో లేదో గైడు గారిని అడిగి తెలుసుకోమనండి. పెట్టకపోతే ఇప్పుడు ఆ ఫలితం అందరి సొత్తు, దాని మీద పేటెంటు రావడం చాలా కష్టం. అయినా మెరుగుపరిచిన రూపానికో తయారీ పద్ధతికో వేరుగా అడగవచ్చు. ఈలోగా ప్రయోగాన్ని మరో ల్యాబులో మళ్లీ చేయించడం మంచిది. నోటుబుక్కులు, శాంపిళ్ల వివరాలు మరొకరు చదివి అర్థం చేసుకునేలా రాసి పెట్టమనండి.

ప్రశ్న: ప్రజల పన్నుల డబ్బుతో ప్రభుత్వ సంస్థల్లో కనిపెట్టినదాన్ని ప్రైవేటు కంపెనీ చేతిలో పెడితే, మళ్లీ మనమే దాన్ని కొనుక్కోవాలి కదా? ఇదేం న్యాయం?
– ఒక ఉపాధ్యాయురాలు, కరీంనగర్

జవాబు: మీ ఆక్షేపణ న్యాయమైనదే. కానీ కంపెనీకి ఇవ్వడం తప్పా, ఏ షరతు మీద ఇచ్చారన్నది చూడాలా అంటే నేను రెండోదే అంటాను. రోటావైరస్ టీకా కథ వినండి. 1980ల నడుమ ఢిల్లీ ఎయిమ్స్‌లో కొందరు నవజాత శిశువుల మలంలో రోటావైరస్ కనబడింది గానీ, వారికి విరేచనాలు పట్టుకోలేదు. డాక్టర్ ఎం.కె. భాన్ దీన్ని గమనించి, పసివారికి హాని చేయకుండా రక్షణ ఇస్తున్న ఆ వైరస్ రకాన్నే టీకాగా మలచవచ్చని భావించారు. 116ఇ అని పేరుపెట్టిన ఆ రకం హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేతుల్లో ‘రోటావాక్’ అయి 2015 మార్చిలో విడుదలయ్యే సరికి సుమారు 30 ఏళ్లు పట్టింది. మధ్యలో మన బయోటెక్నాలజీ విభాగం, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థలు, గేట్స్ ఫౌండేషన్ తలా ఒక చేయి వేశాయి. ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లలపై జరిగిన చివరి దశ పరీక్షలో, తీవ్రమైన రోటావైరస్ విరేచనాల నుంచి తొలి ఏడాదిలో 56 శాతం రక్షణ కనిపించింది.

ఇంత ప్రజాధనం తోడైనందుకు బదులుగా, డోసు ధరను ఒక డాలరు దగ్గర ఉంచుతామని కంపెనీ పరీక్షలు ముగియకముందే మాట ఇచ్చింది. 2016లో ఉచిత టీకా కార్యక్రమంలో దీన్ని మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మీరన్న కొనుక్కోవడం ఇక్కడ ప్రభుత్వమే చేసింది, తల్లిదండ్రులు పైసా ఇవ్వలేదు. నెక్స్‌కార్19 విషయంలో ఇంత నిశ్చింతగా చెప్పలేను. విదేశాల్లో కోట్లలో ఉన్న చికిత్స ఇక్కడ 40 లక్షల పైచిలుకు ధరతో మొదలైంది. ఆ తేడా గొప్పదే గానీ, కరీంనగర్‌లో ఒక ఆటో డ్రైవరుకు ఆ రెండు అంకెలూ ఒకటే. ప్రభుత్వ గ్రాంటుతో పుట్టిన మందుకు ధర షరతు తప్పనిసరి చేసే చట్టం మనకు లేదు, కాబట్టి గ్రాంటు ఒప్పందం రాసేటప్పుడే విశ్వవిద్యాలయం ఆ మాట రాయించుకోవాలి. మందు తయారుచేసే హక్కు (లైసెన్సు) కంపెనీ చేతికి వెళ్లాక అడిగితే వినేవారు ఉండరు.

ప్రశ్న: ఎల్లాప్రగడ సుబ్బారావు గారి కాలంలో ఇటువంటి నిధులేవీ లేవు కదా, మరి అన్ని మందులు ఎలా తేగలిగారు?
– ఒక డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: మీ ఊళ్లో పుట్టిన ఆయన ల్యాబు నుంచి మందు దాకా ఉన్న దూరాన్ని తన కాళ్లతోనే దాటారు. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి మౌలిక పరిశోధన చేసినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లి, అక్కడ రసాయన శాస్త్రవేత్తలు, సూక్ష్మజీవుల నిపుణులు, తయారీ విభాగం అందరూ ఒకే కప్పు కింద ఉన్న పరిశోధనా బృందాన్ని నడిపించారు. ఆ బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. కొందరిలో వ్యాధి కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో పేపరు అచ్చయింది. సుబ్బారావు గారు ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. దాని వెంటే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ రక్త క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ డాక్టర్లు రాస్తూనే ఉన్నారు.