రాజీనామా చేసినవారి లెక్క ఎప్పుడు తేల్చాలి?

ప్రశ్న: విజయవాడలో మాకు 14 మంది పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ ఉంది. పని మానేసినవారి బాకీని మరుసటి నెల జీతాలతో కలిపి ఇవ్వడం మా అలవాటు. ఇకపై అది కుదరదంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమేనండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ (జీతాల చెల్లింపుపై కేంద్ర చట్టం)లోని 17వ సెక్షన్ ప్రకారం, మీరు తొలగించినా, ఉద్యోగే రాజీనామా చేసినా, రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. పాత చట్టంలో ఈ గడువు యజమాని తొలగించిన సందర్భానికే ఉండేది. గ్రాట్యుటీ సంగతి వేరు, దానికి 30 రోజులు. తక్కువ చెల్లిస్తే 50,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. వివాదం వస్తే, ముఖ్యంగా గొడవపడి వెళ్లినవారితో, బాకీ తీర్చామని నిరూపించవలసింది యజమానే కనుక, చేతికి నగదిచ్చి చిట్టాలో సంతకం పెట్టించుకునే పద్ధతి మాని బ్యాంకు ద్వారా పంపండి.