ఎకరం పాలకూర వేస్తే నెల జీతంలా డబ్బు వస్తుందా? మా ఇంటి అనుభవం

"పాలకూర 30 రోజుల్లో చేతికొస్తుంది, ఒకసారి చల్లితే ఐదారు కోతలు తీయొచ్చు, ఎకరం వేసుకుంటే ఉద్యోగమే అక్కర్లేదని వీడియోల్లో చెబుతున్నారు, నిజమేనా?" అని ఒకరు నన్ను అడిగారు. 30 రోజులన్నది నిజం. ఐదారు కోతలన్నదీ నిజమే. ఉద్యోగం మానేయమన్న మాట మాత్రం నమ్మకండి. ఒకేసారి ఎకరం అసలే వేయకండి.

మాది హైదరాబాద్ పక్కన చేవెళ్ల దగ్గర ఊరు. పాతికేళ్లకు పైగా మా ఇంట్లో ఆకుకూరలే పండిస్తున్నాం. పాలకూర పండించడం కష్టమేమీ కాదు. నీళ్లుండి, మడి చదునుగా ఉంటే అదే వస్తుంది. కోసినప్పటి నుంచి అమ్ముడుపోయే దాకా ఉండే పన్నెండు గంటలే అసలు వ్యవసాయం. ఆ పన్నెండు గంటలు ఏ వీడియోలోనూ చూపించరు.

2018 నవంబరులో మార్కెట్లో వంద కట్టలు 500 రూపాయలు పలికాయి. ఆ ధర చూసి నాయనకూ నాకూ ఆశ పుట్టింది. డిసెంబరు రెండో వారంలో ముప్పై గుంటల్లో, అంటే ముప్పావు ఎకరంలో, ఒకేసారి విత్తనం చల్లేశాం. చలికాలం పాలకూరకు బాగా పడుతుంది. ఆకు అరచేయంత వెడల్పున, నవనవలాడుతూ వచ్చింది. చూసినవాళ్లంతా ఈసారి మీ పంట పండిందన్నారు.

జనవరిలో, భోగికి రెండు రోజుల ముందు మొదటి కోత. ఎండ తగ్గాక మూడు గంటలకు ఎనిమిది మంది ఆడవాళ్లు కొడవళ్లు పట్టుకుని మడుల్లో కూర్చున్నారు. ఐదు గుంటలు కోసేసరికి చీకటి పడింది. బోరు దగ్గర బల్బు వెలుగులో కట్టలు కట్టి, తొట్టిలో ముంచి మట్టి వదిలించి, సంచుల్లో పేర్చి, పైన తడి గోనె పట్టాలు కప్పాం. రెండు వేల కట్టలయ్యాయి. రాత్రి రెండింటికి ట్రాలీ ఆటో ఎక్కించి, అమ్మా నాయనా నేనూ నగరానికి బయలుదేరాం.

మూడున్నరకు మార్కెట్‌కు చేరాం. గేటు బయట దాకా ఆటోలే. అందరూ మాలాగే నవంబరు ధర చూసి డిసెంబరులో చల్లారు, అందరికీ అదే వారం కోతకొచ్చింది. అటు కొనేవాళ్లు లేరు. సంక్రాంతికి హైదరాబాద్ ఎలా ఖాళీ అవుతుందో మీకు తెలుసు. బస్టాండ్లు, స్టేషన్లు కిటకిటలాడుతుంటే కాలనీల్లో సగం ఇళ్లకు తాళాలు ఉంటాయి. హాస్టళ్లు, మెస్సులు మూతపడతాయి. ఇన్నేళ్లుగా అమ్ముతున్నా ఆ సంగతి చల్లేటప్పుడు మాకు గుర్తుకు రాలేదు. కమీషన్ ఏజెంట్ నాయనతో అన్నాడు, "ఏం జేయాలె అన్నా, ఇయ్యాల సిటీల మనుషులే లేరు. ఎవరు తినాలె ఇదంతా?"

ఐదున్నర దాకా మా సరుకు దగ్గరికి వేలం పాట రాలేదు. అమ్మ ఊరికే కూర్చోలేక ఒక సంచి మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. "బిడ్డా, ఇది కాగుతున్నది, చూడు" అంది. నేనూ పెట్టి చూశాను. బయట చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, సంచి లోపల మాత్రం జ్వరం వచ్చిన పిల్లవాడి ఒంటిలా వేడి. మధ్యలో ఉన్న కట్టను లాగితే ఆకు మెత్తబడి వేలికి అంటుకుంటోంది, కాడల దగ్గర పసుపు తిరుగుతోంది. కోసినంత మాత్రాన ఆకు చచ్చిపోదు. ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, దాంతో వేడి పుడుతుంది. గాలి ఆడకుండా కుక్కితే ఆ వేడి బయటికి పోక తనను తానే ఉడికించుకుంటుంది. మేము సంచులు మరీ బిగించి కట్టాం. పైన తడి పట్టా కప్పాం కదా, చల్లగానే ఉంటుందనుకున్నాం.

చివరికి వంద కట్టలు 80 రూపాయలకు పోయాయి. అంటే కట్టకు 80 పైసలు. రెండు వేల కట్టలకు 1,600. అందులో కమీషన్ 160, హమాలీ 100, ఆటోకు 1,200. చేతిలో మిగిలింది 140 రూపాయలు. ఊళ్లో ఎనిమిది మందికి మనిషికి 250 చొప్పున కూలీ ఇంకా ఇవ్వాలి. పండగ ముందు వాళ్ల డబ్బులు ఆపకూడదని అమ్మ తన చీటీ డబ్బులోంచి తీసి ఇచ్చింది. మిగతా పాతిక గుంటలూ పండగ అయ్యాక కోద్దామనుకున్నాం. పాలకూర మన కోసం ఆగదు. పది రోజులకు కాడ ముదిరి, ఆకు దళసరెక్కింది. గేదెలను తోలాం.

ఆ మొదటి కోత అమ్మిన రోజే ఉదయం, ఏడు గంటలకు, తిరిగి వస్తూ ఒక కాలనీ దగ్గర ఆగి టీ తాగాం. పక్కనే బండి మీద పాలకూర కట్ట పది రూపాయలు. నాయన ఆ కట్టను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మాది కాకపోవచ్చు, కానీ అలాంటిదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బండి మీద అమ్మేవాళ్లను నేను తిట్టను. వంద కట్టలు కొంటే అందులో ముప్పై సాయంత్రానికి వాడిపోయి పారేయాల్సి వస్తుంది. రోజంతా ఎండలో నిలబడి నీళ్లు చల్లుకుంటూ ఉంటారు. నా కోపమంతా వేరే వాళ్ల మీద. ఆ తర్వాతి ఏడాది ఆకుకూరలు ప్యాకెట్లలో అమ్మే ఒక కంపెనీ కలెక్షన్ సెంటర్‌కు సరుకు ఇచ్చాం. కట్ట 250 గ్రాములు ఉండాలి, వేరు ఉండకూడదు, ఆకుకు ఒక్క చిల్లు ఉండకూడదు. చిల్లులున్నాయని మూడో వంతు వెనక్కి పంపేవారు. వాళ్లే మళ్లీ ప్యాకెట్ మీద మందులు కొట్టని ఆకు అని రాసుకునేవారు. మందు కొట్టకపోతే పురుగు కొరుకుతుంది కదా! నెల రోజుల పంటలో ఈ రోజు మందు కొట్టి ఎల్లుండి కోసేస్తే ఆ మందు నేరుగా తినేవాళ్ల కడుపులోకే పోతుంది. ఇది నా తోటి రైతులకు కూడా చెబుతున్నాను, మన పిల్లలూ ఇదే తింటారు. యూరియా సంగతీ అంతే. ప్రతి కోత తర్వాత కాస్త వేయాల్సిందే, లేకపోతే మళ్లీ చిగురు వేయదు. కానీ ఆకు నల్లగా నిగనిగలాడాలని గుప్పిళ్లతో చల్లితే అది నీరుపట్టి, కట్ట కట్టిన రాత్రే మెత్తబడుతుంది. కొనేవాళ్లకు చెప్పేదేమిటంటే, మరీ నల్లటి ఆకు కన్నా లేత పచ్చగా, కాడ విరిస్తే టక్కుమనే ఆకు తీసుకోండి. ఒకటి రెండు చిల్లులున్నా పర్వాలేదు.

రైతు బజారులో కూర్చుంటే రోజూ ఎవరో ఒకరు అడుగుతారు, "ఇది మూసీ నీళ్లతో పండించిందా?" అని. మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. మా వైపు దాటి గండిపేట చెరువులోకి వచ్చేదాకా అది మామూలు వాగు నీరే. నగరం దాటేసరికి, పీర్జాదిగూడ వైపు, అది మురుగు అవుతుంది. ఆ నీళ్లతో అక్కడివాళ్లు గడ్డీ ఆకుకూరలూ పండిస్తున్నారు, నిజమే. ఆ నీటిని పాడుచేసింది నగరం. అదే నగరం ఆ రైతును దొంగను చూసినట్టు చూస్తుంది. వాళ్లకు వేరే నీరు ఎక్కడుంది? ఈ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు బాధగా ఉంటుంది.

ఇంకొకటి. యాప్‌లలో పాలకూరను స్పినాచ్ అని అమ్ముతున్నారు. మన పాలకూర ఆ స్పినాచ్ కాదు. ఇది బీట్‌రూట్ జాతి. విత్తనం చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, బీట్‌రూట్ గింజలాగే గరుకుగా, ముడతలుగా ఉంటుంది. ఒక్కో గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి. అందుకే మరీ ఒత్తుగా చల్లకూడదు. ఒత్తుగా చల్లితే గాలి ఆడక ఆకుమచ్చ తెగులు పట్టుకుంటుంది. అప్పుడు మడి మొత్తం పోతుంది.

ఇప్పుడు మేము ఎలా చేస్తున్నామో చెబుతాను, మీకు పనికొచ్చేది ఇదే. ఆరు రోజులకొకసారి రెండు గుంటలు మాత్రమే చల్లుతాం. ఎకరానికి పది కిలోల విత్తనం లెక్కన రెండు గుంటలకు అరకిలో సరిపోతుంది. రాత్రంతా నానబెట్టి చల్లుతాం. అలా చేస్తే ఎప్పుడూ ఒక మడి కోతకు, ఒకటి చిగురుకు, ఒకటి మొలకకు ఉంటుంది. రోజుకు 250 కట్టలు దాటవు. 1999లో రైతు బజార్లు మొదలైన కొత్తల్లో నాయన తీసుకున్న రైతు గుర్తింపు కార్డు ఉంది, దాని మీదే అమ్ముకుంటున్నాం. రెండు వేల కట్టలు అక్కడికి పట్టుకెళ్తే ఎవరూ కొనరు, 250 అయితే తొమ్మిదింటికల్లా అయిపోతాయి. పాలకూరతో పాటు చుక్కకూర, మెంతికూర, కొత్తిమీర కూడా పెడతాం. పప్పులోకి చుక్కకూర కోసం వచ్చినవాళ్లు పాలకూర కూడా పట్టుకెళ్తారు. సంచులు వదిలేసి ప్లాస్టిక్ ట్రేలకు మారాం. కట్టలను నిలబెట్టి పేరుస్తాం, మధ్యలో గాలి ఆడుతుంది. అమ్మ ఇప్పటికీ ప్రతి ట్రేలో చెయ్యి పెట్టి చూసిగానీ బండి కదలనివ్వదు.

దీంతో ఇల్లు గడుస్తుంది. నెల జీతంలా మాత్రం రాదు. వానాకాలంలో ఆకు కుళ్లి ధర పెరిగినప్పుడు బాగా మిగులుతుంది, మే నెలలో బోరు ఎండితే ఏమీ ఉండదు. ఇంట్లో నలుగురం పనిచేస్తేనే ఈ లెక్క. అన్నింటికీ కూలీలను పెడితే నిలబడదు.

కాబట్టి మీ ఉద్యోగం ఉండనివ్వండి. ఒక కిలో విత్తనంతో మొదలుపెట్టండి. చల్లే ముందు వేళ్ల మీద 30 రోజులు లెక్కపెట్టి, ఆ రోజు ఏ పండగ ఉందో, కొనేవాళ్లు ఊళ్లో ఉంటారో లేదో చూసుకోండి. డిసెంబరు రెండో వారంలో మాత్రం చల్లకండి.