గీత మింగేసిన 'అట'

సందేహం: తెలుగు భాషా దినోత్సవానికి మా బడిలో రెండు ఫ్లెక్సీలు పెడుతున్నాం. ఒకటి: "దేశభాషలందు తెలుగు లెస్స – శ్రీకృష్ణదేవరాయలు". రెండోది: "తెలుగు తూర్పు దేశపు ఇటాలియన్ – నికోలో కాంటీ". ఇవి నిజంగా వాళ్లన్న మాటలేనా? వాళ్లు ఇలా 'ఉటంకించారు' అని రాయవచ్చా?

సమాధానం: మొదటిది రాయల పద్యంలో ఉన్నదే. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలోని ఆటవెలది ఇది:

తెలుఁగ దేల యన్న దేశంబు దెలుఁగేను
తెలుఁగు వల్లభుండఁ దెలుఁగొ కండ
యెల్ల నృపులు గొలువ నెఱుఁగవే బాసాడి
దేశభాషలందుఁ దెలుఁగు లెస్స

అయితే ఇందులో 'ఏను' (నేను) అంటున్నది రాయలు కాదు. కళింగ దండయాత్ర సందర్భంలో ఆయన శ్రీకాకుళంలో (కృష్ణాతీరంలో ఘంటసాల దగ్గరి ఊరు, ఉత్తరాంధ్ర జిల్లా కాదు) ఏకాదశి ఉపవాసం ఉన్నప్పుడు ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి, తెలుగులో కావ్యం చెప్పమంటూ పలికిన పలుకులివి. తెలుగు వల్లభుణ్ణని చెప్పుకుంటున్నది దేవుడు. 'ఎఱుఁగవే' అని అడుగుతున్నది రాయలను. కాబట్టి రాయలు అన్నాడనడం కంటే రాయలు దేవుడి చేత అనిపించాడనడం సరైనది.

పైగా 'దేశభాషలందుఁ దెలుఁగు లెస్స' అన్న పాదం రాయలకు ముందే ఉంది. వినుకొండ వల్లభరాయుడి క్రీడాభిరామంలో (ఇది శ్రీనాథుడిదనే వాదమూ ఉంది), సంస్కృతం అన్ని భాషలకూ తల్లి అని చెప్పే పద్యంలో రెండో పాదంగా కనిపిస్తుంది. ఆ పద్యమూ ఆటవెలదే. దేశ, భాష, లందుఁ, దెలుఁగు, లెస్స: ఐదూ సూర్యగణాలు (గురువు, లఘువు లేదా మూడు లఘువులు), దే–దె యతి. ఆటవెలదిలో రెండో పాదానికీ నాలుగో పాదానికీ కొలత ఒకటే కనుక అక్కడి పాదం ఇక్కడ అతుకు కనబడకుండా కూర్చుంది. 'అందున్' ద్రుతాంతం ('న్'తో ముగిసేది) కాబట్టి పద్యంలో 'తెలుఁగు' 'దెలుఁగు' అయింది. ఫ్లెక్సీ మీద 'తెలుగు' అనే రాసుకోండి, తప్పులేదు. 'దేశభాష' సమాసం, దాన్ని మాత్రం విడగొట్టకండి.

ఇక కాంటీ. ఈ వెనిస్ వర్తకుడి ప్రయాణ కథను పోజ్జో బ్రాచ్చొలీని 15వ శతాబ్దిలో లాటిన్‌లో రాసిపెట్టాడు. అందులో విజయనగర వర్ణన ఉంది కానీ తెలుగు ఇటాలియన్‌లా ఉంటుందన్న మాట లేదు. ఆ పోలిక 19వ శతాబ్దిలో ఇంగ్లీషువాళ్ల రాతల్లో వినిపిస్తుంది. రెండూ అజంత భాషలు (మాటలు అచ్చుతో ముగిసేవి) కనుక పోలిక నప్పింది. విజయనగరం చూసిన ఇటలీవాడు కాంటీ కాబట్టి మాటను ఆయనకు అంటగట్టారు. అబద్ధపు కర్తృత్వాలు చాలావరకు ఇలాగే పుడతాయి: ముందు మాట ఉంటుంది, తర్వాత దానికి తగిన పెద్దమనిషిని వెతుకుతారు.

వేమనకైతే ఆ వెతుకులాట కూడా అక్కర్లేదు, మకుటమే సంతకం. మూడు పాదాలు అల్లి 'విశ్వదాభిరామ వినురవేమ' తగిలిస్తే సరి. వాట్సాప్‌లో వచ్చే అలాంటి పద్యాల్లో 1, 3 పాదాలను కొలిచి చూడండి. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు రావాలి. చాలావాటికి అక్కడే కాళ్లు తడబడతాయి. గణాలు కుదిరినంత మాత్రాన అది వేమనదైపోదు. వేమన పద్యాలను సేకరించిన సి.పి. బ్రౌన్ 1829లోనూ 1839లోనూ అచ్చువేయించిన సంకలనాల్లో ఉందో లేదో కూడా చూడాలి.

ఇప్పుడు క్రియ సంగతి. ఉటంకించడమంటే ఇతరుల మాటను ఎత్తి చెప్పడం. 'మంత్రి తన అభిప్రాయాన్ని ఉటంకించారు' అని పత్రికల్లో వస్తుంటుంది, అది తప్పు. 'రాయలు ఉటంకించారు' అంటే క్రీడాభిరామ పాదాన్ని ఎత్తి చెప్పాడన్న అర్థం వస్తుంది. అది నిజమే కావచ్చు గానీ మీ ఉద్దేశం అది కాదుగా! ఎవరిదో తేలని మాటను ఒకరి పేరున పెట్టడం 'ఆపాదించడం'. వాళ్లది కాదని తెలిశాక 'అంటగట్టడం' అనవచ్చు.

నోటిమాటలో మనం జాగ్రత్తగానే ఉంటాం. చెవిన పడ్డదాన్ని 'అన్నాడట' అంటాం, ఆ ఒక్క 'ట'తో పూచీ మన నెత్తిన పడదు. ఫ్లెక్సీలో క్రియ ఉండదు. అడ్డగీత, దాని పక్కన పేరు. క్రియ లేనిచోట 'ట' ఎక్కడ తగిలించేది? విన్నదీ చూసి రాసిందీ ఒకేలా కనిపిస్తాయి.

మొదటి ఫ్లెక్సీలో పేరు కింద 'ఆముక్తమాల్యద, ఆంధ్రమహావిష్ణువు పలుకు' అని చేర్చండి. రెండో దానిలో గీతనూ కాంటీ పేరునూ తీసేసి, 'తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అంటారు' అని రాయించండి. ఫ్లెక్సీ ఇప్పటికే అచ్చయివుంటే పేరు మీద కాగితం అంటించినా చాలు.