ఇచ్చే ముందు అడుగు, కొనే ముందు తిప్పి చూడు

తిరుపతి

చిరంజీవి మా చిన్న మనవరాలికి అవ్వ ఆశీస్సులు.

పండక్కి చేతికొచ్చిన డబ్బుల్లో కొంత నలుగురికి పనికొచ్చేలా ఖర్చుపెట్టాలనుంది, ఎట్లా అని అడిగావు. చాలా సంతోషం తల్లీ. డబ్బు సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ బట్టల బీరువా తెరువు.

పొట్టయిపోయిన బట్టల్ని ఎవరికైనా ఇచ్చే ముందు ఉతికి, ఎండలో బాగా ఆరనిచ్చి, ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూడు. చంక కింద చిరుగుంటే కుట్టు, గుండీ ఊడితే వెయ్యి, పట్టని జిప్పుంటే దర్జీ దగ్గర మార్పించు. బాగుపడనిది ఇంట్లో మసిగుడ్డే అవుతుంది, దాన్ని మూటలో పెట్టొద్దు. వాడిన లోదుస్తులు అసలివ్వొద్దు. కొత్తవి కొనిస్తే మాత్రం చాలా అవసరానికొస్తాయి. వయసుల వారీగా కట్టలు కట్టి, మీద చీటీ అంటించు: "8-10 ఏళ్ల అబ్బాయిలు, చొక్కాలు 6". చీటీ లేని మూట తీసుకున్నవాళ్లకు ఏరుకోవడానికే పూట గడిచిపోతుంది, అందుకే అది విప్పకుండా మూలన పడుంటుంది.

పిల్లల ఆశ్రమానికి వెళ్లాలనుకుంటే ముందు ఫోన్ చేసి "ఈ నెల మీకేం తక్కువైంది?" అని అడుగు. పుట్టినరోజులకు అందరూ కేకులూ బిస్కెట్లే పట్టుకెళ్తారు. సబ్బులు, తలనూనె, శానిటరీ ప్యాడ్లు, దుప్పట్లు ఎవరికీ గుర్తురావు. వండింది పట్టుకెళ్తే, వండిన రెండు గంటల్లోపు పిల్లల విస్తట్లో పడేలా చూసుకో. పెళ్లిళ్లలో మిగిలిన కొబ్బరి చట్నీ, పెరుగన్నం అన్నిటికంటే ముందు పాడవుతాయి, వాటి జోలికి పోవద్దు. ఆశ్రమానికి జువెనైల్ జస్టిస్ చట్టం, అంటే పిల్లల రక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ నాయన్ను వెంటబెట్టుకెళ్లి ఆ కాగితం చూపించమని అడుగు, అడగడానికి మొహమాటమెందుకు? పిల్లలతో ఫోటో తీసి స్టేటస్ పెట్టడం మాత్రం ఎన్నడూ చెయ్యొద్దు. అక్కడి పిల్లలు ఎవరో బయటపెట్టడం చట్టం ప్రకారం నేరం. అంతకంటే ముందు, ఆ బిడ్డకు అది ఎంత చిన్నతనమో ఆలోచించు.

అలిపిరి దగ్గర చెయ్యి చాచే పిల్లలను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చేతిలో చిల్లర పెట్టేసి వచ్చెయ్యకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. ఎక్కడున్నారు, ఏ రంగు చొక్కా, పక్కన ఎవరున్నారు, ఈ మూడూ చెబితే వాళ్లకు వెతకడం సులువవుతుంది.

రోజూ బియ్యం కడిగే ముందు ఓ పిడికెడు పక్కన పెట్టే అలవాటు మన ఇళ్లలో పాతదే. పిడికెడు 50 గ్రాములనుకున్నా నెలకు కిలోన్నర. డబ్బా పొడిగా ఉండాలి, తడిచేత్తో తీస్తే ముక్కిపోతాయి. రెండు ఎండుమిరపకాయలు వేసి పెడితే పురుగు అంత తొందరగా పట్టదంటారు. మీ వీధిలో ఒంటరిగా ఉండే ముసలావిడ ఎవరో నీకే తెలుసు.

రక్తదానానికి 18 ఏళ్లు నిండాలి, కనీసం 45 కిలోల బరువుండాలి. అందాకా ఆగు.

ఆన్‌లైన్లో తిరుమల అన్నప్రసాదానికి కట్టాలంటే పెద్దవాళ్ల ఫోన్లోంచే కట్టించు. దేవస్థానం పేరుతో దొంగ సైట్లుంటాయి. అసలు చిరునామా చివర 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్' అని ఉంటుంది. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పిన్ అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే.

ఇక కొనుగోళ్లు. దానానికి పెట్టేది నెలకు యాభయ్యో వందో, అంగట్లో పెట్టేది అంతకు పదింతలు. కాబట్టి ఇక్కడే ఎక్కువ కన్నేసి ఉంచాలి.

కలంకారీ చున్నీ కొంటానన్నావు కదా. శ్రీకాళహస్తి పనిలో గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలల్లో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. బెల్లం, తుప్పు ఇనుము నీళ్లలో పులియబెడితే నల్లరంగు వస్తుంది. వెదురు కలానికి ఉన్ని చుట్టి దారంతో కట్టి, దాన్ని వేళ్లతో నొక్కుతూ గీత గీస్తారు. అందుకే గీత మొదట్లో లావుగా ఉండి, రంగు అయిపోయేకొద్దీ సన్నబడుతుంది. రెండు నెమళ్లుంటే రెండూ ఒకేలా ఉండవు. ఆ తేడా కోసం వెతుకు. మిషన్ ప్రింటులో ప్రతి నెమలి కన్నూ ఒక్కలాగే ఉంటుంది, బట్ట తిప్పితే వెనక వెలవెలబోతుంటుంది. కొత్త బట్టకు కాస్త పాలవాసన ఉంటే నమ్మకం ఇంకొంచెం పెరుగుతుంది. కృష్ణా జిల్లా పెడనది అచ్చుదిమ్మెలతో వేసేది, అదీ అసలైన కలంకారీయే, పద్ధతే వేరు. చీర కొనే స్తోమత నీకిప్పుడు లేకపోయినా పరవాలేదు, గీసినవాళ్ల దగ్గరే చిన్న సంచో, గోడకు తగిలించే గుడ్డో కొను. రోజులకొద్దీ గీసిన పని, సగానికి అడగొద్దు. ఇంటికొచ్చాక విడిగా, కుంకుడుకాయతో ఉతికి నీడన ఆరెయ్యి.

మామిడి కూల్‌డ్రింకు సీసా కూడా అలాగే తిప్పి, చిన్నక్షరాల్లో గుజ్జు ఎంత శాతమో చదువు. తక్కింది ఎక్కువగా నీళ్లూ పంచదారే. చిత్తూరు తోతాపురి మామిడి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. 2025లో ధర పడిపోతే ప్రభుత్వమే కిలోకు 4 రూపాయలు కలిపి రైతుకివ్వాల్సొచ్చింది. జూన్, జూలైల్లో ఆ సీసా డబ్బుతో రోడ్డుపక్క తోటవాళ్ల దగ్గర కాయలే కొను. రైతు బజారుకు వెళ్లినా అంతే, ధరల బోర్డు చదివి, మన సంచి మనమే పట్టుకెళ్లి కొనుక్కోవడం.

పూలమ్మే అమ్మతో మూరకు ఐదు రూపాయల కోసం గీచిగీచి బేరమాడొద్దు తల్లీ.

కాళహస్తికి ఎప్పుడు వెళ్తారో మీ అమ్మతో చెప్పించు. పొద్దున్నే బయల్దేరండి, పగటి వెలుతుర్లోనే గీతలు బాగా కనిపిస్తాయి.

ఇట్లు,
మీ అవ్వ