సర్వర్ మొరాయించిన రాత్రి: మేనకోడలికి ఉత్తరం

అమ్మలూ,

సోమవారం నుంచి ఆన్‌కాల్ డ్యూటీ (ఏ వేళ సర్వర్ మొరాయించినా చూసుకునే వంతు) వేశారని, టెన్షన్‌గా ఉందని నిన్న మారతహళ్ళి పీజీ నుంచి ఫోన్ చేశావు కదా. అప్పుడు సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను, దగ్గర పెట్టుకో.

సర్వర్ మొరాయించగానే పక్కనున్నవాళ్ళు 'రీస్టార్ట్ కొట్టేయ్' అంటారు. పదేళ్ళ కిందట ఇదే బెంగళూరులో నేనూ ఆ పనే చేశాను. మెషీన్ లోడ్, అంటే నడుస్తున్నవీ వంతు కోసం ఆగినవీ కలిపి ప్రోగ్రామ్‌ల సగటు లెక్క, 60 దాటింది, సీపీయూ చూస్తే ఖాళీ. అర్థంకాక రీబూట్ చేశాను. మర్నాడు రాత్రి మళ్ళీ అదే తంతు. మూడో రాత్రి చెయ్యి ఆపుకుని చూశాను. నడుస్తున్న ప్రోగ్రామ్‌ల (ప్రాసెస్‌ల) జాబితా చూపే పీఎస్ కమాండ్‌లో ప్రాసెస్‌లు వరసగా 'డి' స్థితిలో ఉన్నాయి. అంటే డిస్క్ లాంటిదాని జవాబు కోసం కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోపల ఆగిపోయినవన్నమాట. లినక్స్ లోడ్ లెక్కలో వాటినీ కలుపుతుంది. రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా లాగినై, కెర్నెల్ తన లోపలి సంగతులు చూపే ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబర్ల కింద ఉండే 'స్టాక్' ఫైళ్ళు (ప్రాసెస్ కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ దగ్గర ఉందో చెప్పేవి) తెరిచాను. నాలుగు తెరిస్తే నాలుగింటిలోనూ ఒకటే ఫంక్షన్, ఫైల్‌సిస్టమ్ జర్నల్ (మార్పుల్ని ముందుగా రాసుకునే చిట్టా) రాయడం పూర్తికావాలని ఎదురుచూసేది. కెర్నెల్ మెసేజ్‌లు చూపే డీమెసేజ్ కమాండ్ చివర డిస్క్ ఎర్రర్లు. డిస్క్ పోతోంది! కెర్నెల్ మెసేజ్‌లు ఉండేది మెమరీలో, రీబూట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి. లాగ్ రాసేది కూడా ఆ పాడైన డిస్క్ మీదకే. అందుకే ముందు రెండు రాత్రులూ నాకు ఏ ఆధారమూ మిగల్లేదు.

జనం పని ఆగిపోతుంటే రీబూట్ చెయ్యి, తప్పులేదు. కానీ అంతకుముందు రెండు నిమిషాలు తీసుకుని డీమెసేజ్, పీఎస్, వీఎంస్టాట్ (మెమరీ, సీపీయూ లెక్కలు), ఐఓస్టాట్ (డిస్క్ లెక్కలు) ఇచ్చినదంతా వేరే మెషీన్‌లో దాచు. వీఎంస్టాట్ మొదటి వరస బూట్ అయినప్పటి నుంచి సగటు, దాన్ని వదిలేసి రెండో వరస నుంచి చదువు.

ఆ తర్వాతే లోపలికి వెళ్ళు. ఇక్కడ ఒకటి గట్టిగా చెబుతున్నాను. పరిశీలించే పరికరం కూడా మెషీన్‌కి బరువే. ఎస్‌ట్రేస్ తగిలించావంటే ప్రతి సిస్టమ్ కాల్‌కీ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని పని అడిగిన ప్రతిసారీ) ప్రాసెస్ రెండుసార్లు ఆగుతుంది, లోపలికి వెళ్ళేటప్పుడొకసారి, బయటికి వచ్చేటప్పుడొకసారి. రద్దీలో ఉన్న డేటాబేస్‌కి అది పెద్ద శిక్ష. ప్రోగ్రామ్‌ని ఆపి లోపల చూసే జీడీబీ అటాచ్ చేస్తే ప్రాసెస్ మొత్తం నిలిచిపోతుంది. సీపీయూ ఎవరు తింటున్నారో తెలియాలంటే సీపీయూ ఏ పనిలో ఉందో నమూనాలు తీసే పెర్ఫ్‌తో సెకనుకి 99 సార్లు, ఒక 30 సెకన్లు శాంపిల్ తీస్తే చాలు. 100 కాకుండా 99 ఎందుకంటే, గడియారం ప్రకారం నడిచే పనులతో మన శాంపిల్ అడుగు కలిసిపోకూడదు.

నడుస్తున్న సిస్టమ్‌ని భయం లేకుండా ప్రశ్నించడం నేర్పింది డీట్రేస్ అనే పరికరం. సన్ మైక్రోసిస్టమ్స్‌లో బ్రయన్ క్యాంట్రిల్, మైక్ షపీరో, ఆడమ్ లెవెంతాల్ దాన్ని తయారుచేశారు, 2005లో సన్ వాళ్ళ ఆపరేటింగ్ సిస్టమ్ సోలారిస్ 10తో జనంలోకి వచ్చింది. వాడనప్పుడు బరువు ఉండకూడదు, వాడినప్పుడు సిస్టమ్ కూలకూడదు అని పట్టుబట్టి కట్టారు. నాకు ఇప్పటికీ ఆ పట్టుదలంటే గౌరవం. లినక్స్‌లో ఇవాళ ఆ పని ఈబీపీఎఫ్ చేస్తోంది. మనం రాసిన చిన్న ప్రోగ్రామ్‌ని కెర్నెల్ ముందే తనిఖీ చేసి, ప్రమాదం లేదనుకుంటేనే లోపలికి రానిస్తుంది. నువ్వు అలాంటి ప్రోగ్రామ్‌లు తేలిగ్గా రాయనిచ్చే బీపీఎఫ్‌ట్రేస్ నేర్చుకో. ప్రతి సంఘటననీ తెరమీద ప్రింట్ చేయించకు, కెర్నెల్‌లోనే లెక్క కట్టించి చివర్న మొత్తం చూడు.

కెర్నెల్‌కి నేరుగా ఒక్క అక్షరంతో ఆజ్ఞ ఇచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్‌కి 'డబ్ల్యు' పంపితే ఆగిపోయిన ప్రాసెస్‌లన్నింటి జాబితా డీమెసేజ్‌లోకి వస్తుంది. అదే 'సి' పంపితే కెర్నెల్ అక్కడికక్కడే క్రాష్ అవుతుంది. 'బి' అయితే డిస్క్‌కి రాయాల్సింది రాయకుండానే రీబూట్. ఎంటర్ కొట్టేముందు ఆ ఒక్క అక్షరం మళ్ళీ చదువుకో.

ఈ పరికరాలన్నీ ఈ వారమే ఇన్‌స్టాల్ చేయించు. డిస్క్ పోతున్న మెషీన్‌లో ఆ రాత్రి ప్యాకేజీ ఎక్కదు. కెర్నెల్ క్రాష్ అయితే మెమరీని ఫైల్‌గా దాచే కేడంప్ కూడా ఇప్పుడే పెట్టించు, దానికి బూట్‌లోనే మెమరీ పక్కన పెట్టాలి.

శనివారం లాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ వేసుకుని ఇంటికి రా. 'సి' దాని మీద కొట్టి, కేడంప్ ఫైల్ని క్రాష్ టూల్‌తో ఎలా చదవాలో చూపిస్తాను. అత్తయ్య భోజనానికి ఉండమంటోంది.

మామయ్య